తుప్పు వదలగొట్టడం

మన భాషలో "తుప్పు వదలగొట్టడం" అంటే చావబాదడమని అర్థం. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో తెలుగు పాఠాలు చెబుతున్నానేమో, ఈ జాతీయాన్ని ఎందరు పిల్లలకు వివరించానో లెక్కలేదు. ఎన్నడూ దాన్ని శంకించలేదు కూడాను. పోయిన సంక్రాంతి సెలవుల్లో మాత్రం, ఈ మాట పుట్టించినవాడెవడో గాని ఇనుముతో పనిచేసినవాడు కాడని బాగా తెలిసివచ్చింది. ఆ తెలివిడికి నాకు అరచేతి మేర ఒక గుంట ఖర్చయింది. ఈ వారం కబురు ఆ గుంట గురించే.

మా నాన్నగారు బందర్లో వడ్రంగం చేసేవారు. తలుపులు, కిటికీలు, మంచాలు, పెళ్ళిపీటలు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళేవి. 1989 లో, నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉండగా, అప్పుచేసి ఒక చిత్రిక మిషను కొన్నారు. రెండు పోత ఇనుప బల్లలు, వాటి నడుమ గిర్రున తిరిగే కత్తుల ఇరుసు. ఈవైపు బల్లమీద పెట్టి చెక్కను తోస్తే, ఆవైపు బల్లమీదికి అద్దంలా నునుపెక్కి వస్తుంది. "ఈ బల్ల మీద అన్నం పెట్టుకు తినొచ్చు" అని ఆయన మురిసిపోయేవారు. తినలేదు గాని, దానిమీద మంచినీళ్ళ గ్లాసు పెట్టినందుకు నేనొకసారి చెవి మెలి పెట్టించుకున్నాను. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

నాన్నగారు పోయి ఏడాదిన్నర దాటింది. నేనేమో విజయవాడలో. అమ్మ ఇల్లు వదిలి రానంటుంది. షెడ్డులో మిషను మాత్రం అల్లాగే ఉండిపోయింది. భద్రంగా ఉంటుంది గదా అని నేనే దానిమీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగువైపులా తాళ్ళతో బిగించి వెళ్ళాను. సంక్రాంతికి వెళ్ళి, పట్టా విప్పి చూద్దును కదా, నాన్నగారి అద్దంలాంటి బల్ల ఎర్రమట్టి అరుగులా ఉంది. చెయ్యి వేస్తే చెయ్యంతా ఎరుపు.

మా బావ వెంటనే తేల్చేశాడు. "ఇంకేముంది బావా, పాత ఇనుము కింద తూచి ఇచ్చెయ్. మూడువందల కిలోలు తక్కువుండదు. కాస్త మెరుగు పెట్టావంటే మిషను కిందనే కొంటాడేమో కూడా" అన్నాడు. సరే, పాత ఇనుము వ్యాపారికి ఫోను చేసి ఆదివారం రమ్మన్నాను. అమ్మతో చెప్పలేదు. తర్వాత చెబుదాములే అనుకున్నాను. ఇల్లాంటి "తర్వాత"లు మన ఇళ్ళల్లో ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పాలా!

మెరుగు పెట్టడానికి ఎదురింటి వెల్డింగు కుర్రాడి దగ్గర చేతి గ్రైండరు అరువు తెచ్చాను. తుప్పు వదలగొట్టాలి గదా మరి! గరుకు బిళ్ళ బిగించి, బల్ల మూలన ఆనించి నొక్కాను. నిప్పురవ్వలు ఎగిశాయి. పది నిమిషాల్లో అరచేతి మేర వెండిలా మెరిసింది. ఇంత సుళువా అని మీసం మీద చెయ్యి వేసుకోబోతున్నంతలో, గుమ్మంలోంచి "ఆపరా అబ్బాయ్!" అని కేక.

వచ్చింది మా నాన్నగారి స్నేహితుడు. ఇద్దరూ ఒకే మేస్త్రి దగ్గర పని నేర్చుకున్నారు. నేను బాబాయ్ అంటాను. ఆయన ఏమీ మాట్లాడకుండా గూట్లోంచి ఉక్కు స్కేలు తీసి, నేను మెరిపించిన చోట దాన్ని నిలువుగా అంచుమీద నిలబెట్టాడు. వెనక నుంచి టార్చిలైటు వేశాడు. స్కేలు కింద నుంచి వెలుతురు సన్నగా నవ్వింది. తర్వాత స్కేలును తుప్పుపట్టిన చోట పెట్టాడు. అక్కడ చీకటి.

"చూశావా? ఏడాదిన్నర పట్టిన తుప్పు చెయ్యలేని చెరుపు నువ్వు పది నిమిషాల్లో చేశావు. తుప్పు తియ్యమంటే ఇనుము తీశావు" అన్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. బల్లకు మెరుపు అవసరం లేదట. నల్లమచ్చలున్నా, రంగు మాసినా పని ఆగదు. కావలసింది చదును. బల్లలో గుంట ఉంటే దానిమీద నడిచిన చెక్క నిటారుగా రాదు. చెక్క నిటారుగా రాకపోతే రెండు చెక్కల అతుకు మధ్య సందు వస్తుంది. ఆ సందు తలుపై మీ ఇంట్లో ఇరవై ఏళ్ళు నిలబడి ఉంటుంది.

"ఇది చావలేదురా. మీద కాస్త ధూళి పట్టింది, అంతే. అమ్మడానికి తొందరేమొచ్చింది?" అన్నాడు బాబాయి. సరిగ్గా అప్పుడే అమ్మ కాఫీ గ్లాసులతో షెడ్డులోకి వచ్చింది. అమ్మడమన్న మాట విన్నది. నావైపొకసారి, బల్లవైపొకసారి చూసింది. కాఫీ ఇచ్చి, ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. తిడితే బాగుండేది.

కాసేపటికి మళ్ళీ వచ్చి ఒక పాత పౌడరు డబ్బా నా చేతిలో పెట్టింది. మూత తీస్తే లోపల మడతపెట్టిన పాత చీరె ముక్క, తేనెమైనం వాసన. "రోజూ సాయంత్రం దీంతోనే తుడిచేవారు. గుడ్డ పాతదైతే నేనే కొత్తది చింపి ఇచ్చేదాన్ని. నువ్వు పట్టా కట్టినప్పుడు చెబుదామనుకున్నాను. చదువుకున్నవాడివి, తెలిసే చేశావేమో అనుకున్నాను" అంది.

ఈ వారం పత్రికలో నా పేరు పక్కన ఎం.ఏ. అని వేస్తే సంపాదకులు దయచేసి తీసెయ్యవలసిందిగా మనవి.

ఆ రెండు రోజులూ నేను శిష్యుణ్ణి, బాబాయి గురువు. మీ ఇంట్లో చిత్రిక మిషను ఉండకపోవచ్చు. కుట్టుమిషను, కత్తిపీట, పెరట్లో గునపం, దోసెల పెనం తప్పకుండా ఉంటాయి. ఇనుము ఎక్కడైనా ఇనుమే కనుక, నేర్చుకున్నది వరసగా చెబుతాను.

ముందు ప్లగ్గు పీకాలి. కత్తుల ఇరుసు మీద మందపాటి గోనెగుడ్డ చుట్టాలి. కరెంటు లేకపోయినా కత్తి కత్తే. తర్వాత రంపంపొట్టంతా కుంచెతో ఊడ్చాలి. పొట్టు తేమను స్పంజిలా పట్టి ఉంచుతుంది.

ఆపైన తడి గుడ్డతో తుడవమన్నాడు. తుప్పుకు నీళ్ళు శత్రువు గదా అని నేను వెనకాడాను. బాబాయిది దివిసీమ. 1977 నవంబరు ఉప్పెనలో వాళ్ళింట్లో ఉలులు, బాడిసెలు, రంపాలు అన్నీ సముద్రపు నీళ్ళలో నానాయట. వాళ్ళ మేస్త్రి ముందు చేసిన పని వాటిని మంచినీళ్ళతో కడిగించడం. "ఉప్పు లోపల ఉండగా పైన నూనె రాస్తే ఏం లాభం? అది గాల్లో తేమను పిలుస్తూనే ఉంటుంది" అన్నాడు. బందరు ఉప్పుగాలి ఏడాదిన్నరగా ఈ బల్లమీద కూడా చేరింది మరి. మంచినీటి గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చాము.

తర్వాత టర్పెంటైను. పూర్వం కిరసనాయిలు వాడేవారు. ఇప్పుడది దొరకడం కష్టం గాని, టర్పెంటైను పెయింట్ల కొట్లో దొరుకుతుంది. బల్లంతా పోసి పావుగంట నాననిచ్చి, గడ్డం గీసుకునే బ్లేడును దాదాపు పడుకోబెట్టి గీకాలి. బ్లేడు నిలబెడితే గీతలు పడతాయి. పడుకోబెడితే తుప్పు ఎర్రటి బురదలా ముందుకు జరుగుతుంది. గుడ్డతో తుడవడం, మళ్ళీ పొయ్యడం, మళ్ళీ గీకడం. మధ్యాహ్నానికల్లా ఎరుపు చాలావరకు పోయి, కింద బూడిదరంగు ఇనుము కనబడింది.

అప్పుడు మా ఆవిడ రంగంలోకి దిగింది. "ఏమండీ, అంట్లు తోమే పచ్చపీచు పనికిరాదూ?" అంది. పనికిరావడమేమిటి, బాబాయి అడగబోయింది అదే! పీచుకు కాస్త మిషను నూనె పట్టించి, బల్ల పొడుగునా ఒకే దిక్కుగా రుద్దాలి. ఫ్యాక్టరీలో బల్లను చదును చేసిన గీతలు సన్నగా కనబడుతూనే ఉంటాయి. మన చెయ్యీ వాటి వెంటే నడవాలి. గుండ్రంగా రుద్దకూడదు.

మొండి మచ్చలకు నాలుగువందల నెంబరు గరుకు కాగితం. దాన్ని చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్ళ కింద లోతు, వేళ్ళ సందున మిట్ట వస్తాయట. అంచేత చదునైన చెక్కముక్కకు చుట్టి, నూనె వేసి, ఈ చివర నుంచి ఆ చివరకు పూర్తిగా లాగాలి. మచ్చ ఉన్నచోటే కూర్చుని రుద్దావా, అక్కడ గుంట. "నీ గ్రైండరు చేసిన పనే, కాకపోతే నిదానంగా" అన్నాడు బాబాయి.

ఒకచోట మాత్రం గ్లాసు అడుగంత మచ్చ దేనికీ లొంగలేదు. దానికి మా ఆవిడే నిమ్మఉప్పు తెచ్చింది. గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా కలిపి, గుడ్డ తడిపి మచ్చమీద పరిచి, ఇరవై నిమిషాలకు తీసింది. మచ్చ చాలామటుకు వదిలింది. చింతపండుతో ఇత్తడి బిందె తోమినట్టే, పులుపే ఇక్కడా పనిచేసేది. కాని రాత్రంతా ఉంచితే ఆ పులుపు తుప్పుతో ఆగదు, మంచి ఇనుమునూ తింటుంది. అంచేత వెంటనే వంటసోడా నీళ్ళతో తుడిచి, ఆ క్షణమే ఆరబెట్టాలి. మా అమ్మాయి జుట్టు ఆరబెట్టుకునే మిషను ఆనాడు ఒక సత్కార్యానికి ఉపయోగపడింది. కడిగిన ఇనుము తడిగా ఉంటే మనం చూస్తుండగానే మళ్ళీ ఎర్రబడుతుంది.

ఇంటరు చదివే మా అబ్బాయి పక్కన నిలబడి శాస్త్రం చెప్పాడు. ఇనుము, నీరు, ప్రాణవాయువు, మూడూ కలిస్తేనే తుప్పు. ఒకటి తప్పిస్తే తుప్పు లేదు. అల్యూమినియానికి పైన పట్టే పొర గట్టిగా అతుక్కుని లోపలి లోహాన్ని కాస్తుంది. ఇనుముకు పట్టేది ఉబ్బి, పొరలుగా లేచి, లోపలికి దారి ఇస్తుంది. "మరి ఢిల్లీ ఇనుప స్తంభం పదహారు వందల ఏళ్ళుగా నిలబడలేదూ?" అన్నాను, చరిత్ర నా వంతు గనక. అందులో భాస్వరం ఎక్కువట. దానివల్ల స్తంభం మీద ఒక సన్నని పొర ఏర్పడి కాపాడుతోందట. ఢిల్లీలో గాలి ఏడాదిలో చాలాకాలం పొడిగా ఉండటం కూడా కలిసొచ్చింది. మా బల్లకు ఆ భాస్వరమూ లేదు, ఆ గాలీ లేదు. ఉన్నది అమ్మ ఇచ్చిన పౌడరు డబ్బా.

ఇంతకీ నేను కట్టిన పట్టా ఏం చేసిందో తెలుసునా? మన ఇళ్ళల్లో చల్లటి నీళ్ళ చెంబుకు చెమట పట్టడం చూస్తూనే ఉంటాం. మూడువందల కిలోల ఇనుము రాత్రంతా చల్లబడితే అంత త్వరగా వేడెక్కదు. తెల్లవారాక సముద్రం మీది తడిగాలి దానికి తగిలి, చెంబుకు పట్టినట్టే చెమట పడుతుంది. పట్టా లేకపోతే ఎండపొద్దుకు ఆరిపోయేదే. పట్టా కింద ఆ చెమట ఎటూ పోలేక అక్కడే ఉండిపోయింది. నేను మిషనును కాపాడలేదు, ఊరేశాను. కప్పవలసింది పాత దుప్పటిలాంటి గాలి ఆడే నూలుగుడ్డ. నాన్నగారు వానాకాలంలో బల్ల కింద ఒక చిన్న బల్బు వెలిగించి ఉంచేవారు. దయ్యాలకు భయమేమో అనుకునేవాణ్ణి. ఆ వెచ్చదనానికి బల్లకు చెమట పట్టదు. మీరు చెయ్యబోతే పాతరకం వేడెక్కే బల్బే పెట్టండి, పొట్టూ గుడ్డా తగలకుండా చూసుకోండి. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుగిస్తుంది గాని అంత వేడి ఇవ్వదు.

ఇక పూత. నూనె రాస్తే పోలేదా అన్నాను. కొన్ని నెలలు మూసిపెట్టే మిషనుకైతే చిక్కటి నూనో గ్రీజో మేలే. రోజూ పనిచేసే బల్లకు నూనె రాస్తే పొట్టు అంటుకుంటుంది, చెక్కకు మరకలు పడతాయి, ఆ చెక్కకు తర్వాత పాలిషు పట్టదు. సిలికాను కలిసిన కారు పాలిషులకూ అదే దోషం. 1953 లో అమెరికాలో నలభయ్యో ప్రయత్నానికి కుదిరిందని చెప్పే డబ్ల్యూ.డి. 40 డబ్బా మా బావ తెచ్చాడు. నీటిని తరమడానికి అది మంచిదే గాని, దాని పొర పలచన, చాలాకాలం నిలవదు. "మరి నా దోసెల పెనానికి నూనే గదండీ రాస్తాను?" అంది మా ఆవిడ. నిజమే, పెనం పొయ్యిమీద కాలి, ఆ నూనె నల్లటి గట్టిపొర అవుతుంది. మూడువందల కిలోల బల్లను పొయ్యి ఎక్కించలేం గదా!

అంచేత మైనం. ఒక గిన్నెలో నీళ్ళు కాచి దింపి, పొయ్యి ఆర్పేసి, ఆ వేడినీళ్ళలో ఇంకో గిన్నె నిలిపి తేనెమైనం కరిగించాలి. కరిగాక బయటికి తీసుకెళ్ళి టర్పెంటైను కలపాలి. మంట దగ్గర మాత్రం కలపవద్దు, భగ్గుమంటుంది. చల్లారితే వెన్నలా అవుతుంది. బల్లను టర్పెంటైనుతో గుడ్డ మాయనంతవరకు తుడిచి, ఈ వెన్నను పలచగా రాసి, పావుగంటాగి పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవాలి. మళ్ళీ ఒకసారి. చెక్క కూడా దానిమీద జర్రున జారుతుంది. పని ఉన్న రోజుల్లో నెలకొకసారి పూత, రోజూ సాయంత్రం ఆ గుడ్డతో ఒక తుడుపు. చెమట చేతులు ఆనిస్తే మర్నాటికి వేలిముద్రలు ఎర్రగా లేస్తాయి, చెమటలోనూ ఉప్పే గదా. నా చెవి మెలి పెట్టించిన మంచినీళ్ళ గ్లాసు రహస్యం కూడా ఇప్పుడు తేలిపోయింది.

పచ్చి చెక్కను బల్లమీద రాత్రి వదిలినా నల్లమచ్చ పడుతుంది. చెక్కలోని వగరు ఇనుముతో కలిస్తే నలుపు. బాబాయి అల్లుడు బందరు పక్కనే పెడనలో కలంకారీ అచ్చులు చెక్కుతాడు. అక్కడ ఆ నలుపునే రంగుగా వాడతారట. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు. కరక్కాయ పట్టించిన బట్టమీద ఆ నీళ్ళతో అచ్చు వేస్తే నల్లగా తేలుతుంది. "నువ్వు గీకి పారేసిన తుప్పు అక్కడైతే సరుకురా" అని నవ్వాడు బాబాయి.

ఆ నవ్వులోనే అసలు మాట కూడా బయటపడింది. అచ్చుల టేకు చదునుగా ఉంటేనే పువ్వు బట్టమీద పూర్తిగా పడుతుంది. అల్లుడు ప్రతిసారీ చెక్కలు బండిమీద వేసుకుని, డబ్బిచ్చి ఎక్కడో చిత్రిక పట్టించుకొస్తున్నాడట. కొత్త మిషను కొనే తాహతు లేదు. బాబాయి ఆ రోజు మా ఇంటికి వచ్చింది దీన్ని అడగడానికే. గ్రైండరు చప్పుడు విని అడగలేకపోయాడు.

నేను అమ్మవైపు చూశాను. "నన్నడుగుతావేం? అమ్మేటప్పుడు అడిగావా?" అంది. అని, తనే "ఉత్తపుణ్యానికి వద్దు, ఆయన ఒప్పుకోరు. నెలకింత అని ఇవ్వమను" అంది. పోయి ఏడాదిన్నర అయినా ఆయన ఒప్పుకోరు.

ఆదివారం పాత ఇనుము వ్యాపారి వచ్చాడు. అమ్మ అతనికి కాఫీ ఇచ్చి, చిల్లుపడిన బకెట్టు, విరిగిన సైకిలు, నా ప్లాస్టిక్ పట్టా వేసి పంపింది. కనుమ వెళ్ళిన మూడో రోజున మిషను పెడన వెళ్ళింది. పౌడరు డబ్బా కూడా వెళ్ళింది.

వానాకాలం గడిచాక దసరా సెలవుల్లో నేను పెడన వెళ్ళాను. బల్ల బూడిదరంగులో నున్నగా ఉంది. పోని నల్లచుక్కలు అల్లాగే ఉన్నాయి. నా గుంట కూడా మూలన అల్లాగే ఉంది. దాన్ని సరిచెయ్యాలంటే బల్లంతా విప్పి పెద్ద ఫ్యాక్టరీలో మళ్ళీ చదును చేయించాలట. అంత ఖర్చు పెట్టడమెందుకని, ఆ అబ్బాయి పక్క ఆనుడు పలకను ఇవతలికి జరిపి బిగించుకున్నాడు. చెక్కలు ఆ మూలకు పోకుండా మంచివైపే నడుస్తున్నాయి. "ఏం ఫరవాలేదండీ మేష్టారూ, కాస్త వెడల్పు తగ్గింది, అంతే" అన్నాడు. ఆయన మర్యాదకు అన్నాడు గాని, నాకు మాత్రం ఆ తగ్గిన వెడల్పు కొలత బాగా తెలుసు.

తిరిగి బందరు వచ్చి అమ్మకు అంతా చెప్పాను. టేకు చెక్క ఎంత నున్నగా వస్తోందో, అచ్చులో నెమలి ఎంత బాగుందో చెప్పాను. అద్దెడబ్బులు చేతికిచ్చాను. ఆవిడ అవి లెక్కపెట్టలేదు.

"సాయంత్రం గుడ్డ వేస్తున్నాడా?" అని మాత్రం అడిగింది.

వేస్తున్నాడని చెప్పాను. గుడ్డ పాతబడిందని కూడా చెప్పాను. అమ్మ లేచి, లోపలికి వెళ్ళి, పెట్టెలోంచి ఒక పాత చీరె తీసింది.